పెదాల మాట

కోర్టు హాల్లోకి వెళ్ళే ముందు మా లాయరమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక్కటే మాట చెప్పింది. "మీరు నోరు తెరవకండి. అవతలివాళ్ళు ఏమన్నా సరే, ఎంత మండినా సరే, జడ్జిగారు అడిగితే తప్ప నోరు తెరవకండి." కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్ల, నాకంటే పదేళ్ళు చిన్నది. నాకు ఎంత కష్టమైన పని అప్పజెప్పిందో పాపం తనకి తెలీదు. మా వీధిలో కుళాయి దగ్గర నా వంతు తప్పించి బిందె పెట్టినవాళ్ళెవరూ సుఖంగా ఇంటికి పోయింది లేదు.

ఆ రోజు తేలాల్సింది ఒక్కటే, మా పిడుగు ఎవరి దగ్గర ఉండాలన్నది. విడాకులకి నాకూ అభ్యంతరం లేదు, ఆయనకీ లేదు. భరణం సంగతి లాయర్లిద్దరూ మాట్లాడుకుని ఒక దారికి తెచ్చారు. మిగిలింది పిల్ల. మా ఆయన (కాగితాలు ఇంకా చేతికి రాలేదు కాబట్టి మా ఆయనే) వేరే ఊళ్ళో లిఫ్టులు బాగుచేసే పనిలో చేరి వాళ్ళక్క ఇంట్లో ఉంటున్నాడు. పిల్లని అక్కడికి తీసుకుపోయి అక్కడి బడిలో వేస్తానని పిటిషన్ పెట్టాడు. జడ్జిగారు ఇవాళ పిల్లతో మాట్లాడి, కేసు తేలేదాకా ఎవరి దగ్గర ఉండాలో చెప్తారు. అంటే అది ఈ హాల్లోంచి ఎవరి చెయ్యి పట్టుకుని బయటికి నడుస్తుందో ఇంకాసేపట్లో తెలిసిపోతుంది.

మా ఆడపడుచు చక్రాల సూట్‌కేసు ఒకటి లాక్కుంటూ వచ్చింది. ఖాళీది. వరండా గచ్చు మీద అది గడగడలాడుతున్న మోత వింటేనే లోపల ఏమీ లేదని తెలుస్తోంది. పిల్ల బట్టలు అందులో సర్దుకుని పోదామని ఎంత ధీమా! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళు బిగబట్టుకుని గోడకున్న పాత క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

పిడుగంటే మా కూతురు, తొమ్మిదేళ్ళది. మూడేళ్ళు నిండేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఏడిపించడానికి వాళ్ళ నాన్న పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ అది మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. నా పక్కన బెంచీ మీద కాళ్ళూపుకుంటూ, వచ్చేపోయేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది. వారం నుంచీ జలుబు వదల్లేదు దానికి. ఆ ముక్కు చూస్తే జడ్జిగారు నన్నేమనుకుంటారో అని అదొక దిగులు నాకు.

మా ఇంటి సంగతి అర్థం కావాలంటే మగ్గాల షెడ్డు గురించి చెప్పాలి. నేనూ ఆయనా పెళ్ళికి ముందు నుంచీ ఒకే షెడ్డులో పనిచేశాం. రేకుల కప్పు కింద అన్నేసి కరెంటు మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కమనిషి చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడ అందరం గొంతు లేకుండా మాట్లాడతాం. పెదాలు బాగా సాగదీసి, మొహమంతా కదిలించి చెప్తే ఆ చివరి మగ్గం దగ్గరున్న మనిషికి కూడా తెలుస్తుంది. పోగు తెగిందనీ, మేస్త్రీ వస్తున్నాడనీ, పని దిగాక ఎటు పోదామనీ, అన్నీ పెదాలతోనే. అలవాటైనవాళ్ళు ఎక్కడున్నా ముందు మనిషి నోటికేసే చూస్తారు, తర్వాతే కళ్ళకేసి. మా ఆయన నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగింది ఐదు మగ్గాల అవతలి నుంచి. మధ్యలో ఉన్నవాళ్ళంతా చదివేసి, నేను జవాబు చెప్పేలోపే పళ్ళికిలించారు. సిగ్గుతో చచ్చిపోయాను ఆ రోజు.

పిల్ల పుట్టాక ఇద్దరం ఒక మాట అనుకున్నాం, దాని ముందు గొంతు లేపకూడదని. నేను మా నాన్న కేకల మధ్య పెరిగినదాన్ని, ఆ భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకని పోట్లాటలు కూడా పెదాలతోనే నడిపాం. అన్నం తింటున్నా, దుప్పట్లు మడతపెడుతున్నా, పిల్ల తలమీదుగా ఒకరికొకరం పెట్టని శాపం లేదు, అనని మాట లేదు. ఇల్లు మాత్రం నిశ్శబ్దం. అది మా కాళ్ళ దగ్గర బొమ్మలు గీసుకుంటూ ఉండేది. సరదాకి దానికి నాలుగు ముక్కలు నేర్పాం: రా, తిను, పడుకో, ముక్కు తుడుచుకో. అంతవరకే వచ్చనుకున్నాం. పెద్దవాళ్ళం మాట్లాడుకునే వేగం దానికేం అందుతుందిలే అనుకున్నాం.

'ఆ ఇంట్లో బిడ్డ ముందు ఒక్కనాడూ కేక వినబడలేదు' అని మా లాయరమ్మ నా కాగితాల్లో గొప్పగా రాయించింది. తీరా చూస్తే ఆయన కాగితాల్లోనూ అదే ఉంది. రెండు పక్షాలూ ఒప్పుకున్నది ఈ ఒక్క ముక్కే అని లాయరమ్మ నవ్వింది. నాకూ గర్వంగానే అనిపించింది.

లోపలికి పిలిచారు. హాలు మా ఇంటి ముందుగది కంటే పెద్దదేం కాదు. నేనూ లాయరమ్మా ఎడమ పక్క, ఆయనా ఆయన లాయరూ కుడి పక్క, వెనక బెంచీ మీద ఆడపడుచూ ఆవిడ సూట్‌కేసూ. జడ్జిగారు ఆడమనిషి, ఇంచుమించు నా ఈడే, కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. బంట్రోతు పిల్లని తీసుకెళ్ళి ఆవిడ బల్ల పక్కన కుర్చీలో, మాకేసి మొహం పెట్టి కూర్చోబెట్టాడు.

"పాపతో నా గదిలో మాట్లాడదామనుకున్నాను," అన్నారు జడ్జిగారు. "అమ్మా నాన్నా కనపడకపోతే రానంటోంది. అందుకని ఇక్కడే అడుగుతాను. మీరిద్దరూ పాపకి ఏమీ చెప్పకూడదు. సైగలు కూడా చెయ్యకూడదు. అర్థమైందా?"

ఇద్దరం బుద్ధిగా తలూపాం. జడ్జిగారు పిల్లకేసి తిరిగి ఏ క్లాసు, ఏ బడి అని మొదలుపెట్టారు. అది రెండు ముక్కల్లో జవాబు చెప్పి నాకేసి చూసింది. ముక్కు కారి పైపెదవి దాకా వచ్చేసింది. నేను కావాలని చెయ్యలేదు, ఒట్టు. కన్నప్పటి నుంచీ రోజుకి పదిసార్లు చేస్తున్న పని. నా పెదాలు వాటంతట అవే కదిలాయి. ముక్కు తుడుచుకో, అన్నాను. పిల్ల వెంటనే జేబులోంచి రుమాలు తీసి తుడుచుకుంది.

"చూశారా మేడమ్!" అని లేచాడు ఆయన లాయరు. నెరిసిన జుట్టు పెద్దమనిషి, చీమ చిటుక్కుమన్నా పట్టేసే రకం. "మీరు చెప్పి నిమిషం కాలేదు, ఆవిడ పెదాలు కదిలాయి. పాప ఆవిడ చెప్పింది చేసింది కూడా. వీళ్ళు మగ్గాల షెడ్డులో పనిచేసేవాళ్ళు, నోట్లోంచి మాట రాకుండా మాట్లాడుకోగలరు. మనందరి ముందే పాపకి పాఠం చెప్తోందావిడ!"

"ఏం చెప్పావమ్మా?" అన్నారు జడ్జిగారు నాతో. గొంతు మారిపోయింది.

"ముక్కు తుడుచుకోమన్నానండి."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు నవ్వలేదు. నా ప్రాణం సగం అక్కడే పోయింది. ఉన్నమాటే చెప్పాను, అయినా నా చెవులకే అది అప్పటికప్పుడు అల్లిన అబద్ధంలా వినిపించింది.

"మీరూ ఆ షెడ్డులోనే చేశారు కదా," అని ఆవిడ మా ఆయన్ని అడిగారు. "మీకు తెలుస్తుంది. ఆవిడ ఏమంది?"

ఆ గది మొత్తానికి నేనేమన్నానో చెప్పగలిగినవాడు ఆయనొక్కడే. చూశాడని నాకు తెలుసు. నేను హాల్లోకి వచ్చినప్పటి నుంచీ ఆయన కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి, నా కళ్ళు ఆయన నోటి మీదున్నట్టే. ఆయన లాయరు గొంతు సవరించుకున్నాడు. మా ఆయన బల్ల అంచు గోటితో గీకాడు. అవునని ఒక్క ముక్క అంటే ఏం పోయింది? పిల్ల పోతుంది, అందుకని అనలేదు.

"నేను చూడలేదండి," అన్నాడు.

దొంగ మొహం! లేచి నాలుగు ఉతికి ఆరేద్దామనుకున్నాను. లాయరమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. జడ్జిగారు కళ్ళజోడు పైకి తోసుకుని, "అమ్మా, ఇదే చివరిసారి చెప్పడం. నీ పెదాలు ఇంకొక్కసారి కదిలాయంటే పాపని ఇక్కడి నుంచి తండ్రితో పంపేస్తాను," అన్నారు.

కింది పెదవి పళ్ళ కింద పెట్టుకుని కరిచాను. కోపమొస్తే నా నోరు ఆగదు, గొంతు లేకపోయినా ఆగదు. ఇప్పుడు లోపల బూతులు గంటల్లా మోగుతున్నాయి, పెదవి మాత్రం కదలకూడదు. వెనక సూట్‌కేసు చక్రం కిర్రుమంది. మా ఆడపడుచు అప్పుడే దాన్ని దగ్గరికి లాక్కుంటోంది.

"భయపడకు తల్లీ," అన్నారు జడ్జిగారు పిల్లతో. "అమ్మ ఇందాక నీతో ఏమంది?"

"ముక్కు తుడుచుకోమంది," అంది పిడుగు. "నాన్న చూశాడు. చూడలేదని అబద్ధం చెప్పాడు."

మా ఆయన మొహం పాలిపోయింది. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆ సంబరం ఎంతో సేపు నిలవలేదు.

"నీకు వాళ్ళ పెదాల మాట తెలుసా?"

"తెలుసు."

"నాలుగు ముక్కలు వచ్చండి, రా, తిను అని..." అని మా ఆయన అందుకోబోయాడు. జడ్జిగారు చెయ్యి చూపించి ఆపారు.

"అన్నీ వచ్చు," అంది అది. "చిన్నప్పుడే వచ్చు."

అన్నీ అంటే? ఏ అన్నీ? అది నేల మీద పడుకుని బొమ్మలు గీసుకుంటున్న రోజులన్నీ కళ్ళ ముందు తిరిగాయి. బొమ్మ గీస్తూ మధ్యమధ్య తలెత్తి మాకేసి చూసేది. మేం చప్పున నవ్వు మొహం పెట్టేవాళ్ళం. అదీ నవ్వేది.

"మరి చెప్పు తల్లీ. నీకు ఎవరి దగ్గర ఉండాలనుంది? అమ్మ దగ్గరా, నాన్న దగ్గరా?"

పిల్ల రుమాలు మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. "వాళ్ళిద్దరికీ నేను అక్కర్లేదు కదా," అంది. ఏడవలేదు. ఫలానా బడిలో చదువుతున్నాను అని చెప్పినంత మామూలుగా చెప్పింది. "అమ్మ నాన్నతో అంది, నువ్వే తీసుకుపో దీన్ని, దీన్ని మోస్తూ నా బతుకు ఇక్కడే ఆగిపోయింది అని. నాన్న అన్నాడు, నాకొద్దు, కన్నది నువ్వు, నువ్వే చూసుకో అని. నాన్న ఊరెళ్ళిపోకముందు ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నం తినేటప్పుడు. నాకు కూర వడ్డిస్తూ అంది అమ్మ."

ఆ ఆదివారం నాకు గుర్తుంది. ఆ మాట అన్నానో లేదో గుర్తు లేదని చెప్పుకుందామన్నా నా మనసు ఒప్పుకోలేదు. అన్నాను. ఆయన మీద కసి కొద్దీ అన్నాను. ఆ వెంటనే పిల్ల తల నిమిరి ఇంకో ముద్ద తినమన్నాను. దానికి ఆ రెండూ వినిపించాయి.

ఆయన లాయరు లేచాడు. "మేడమ్, ఇది పసిపిల్ల ఊహ. గొంతు లేని మాటలకి సాక్ష్యమేముంది? ఎవరేం అన్నారని ఎలా తేలుస్తాం?" ఆ ఒక్కసారికి మా లాయరమ్మ కూడా ఆయనతో ఏకీభవిస్తున్నట్టు తలూపి, నా చెవి దగ్గరికి వంగి, "లేదని చెప్పండి," అంది. "ఒప్పుకుంటే పిల్ల మీకు దక్కదు. దీన్ని రుజువు చెయ్యగలిగినవాళ్ళు ఎవరూ లేరు."

"అన్నారా?" అన్నారు జడ్జిగారు. మా ఇద్దర్నీ కలిపి అడిగారు.

అప్పుడు మా ఆయన నాకేసి చూశాడు. ఏళ్ళ తర్వాత మొదటిసారి సరిగ్గా చూశాడు, ఐదు మగ్గాల అవతలి నుంచి చూసినట్టు. పెదాలు కొద్దిగా కదిలాయి. జడ్జిగారికి తెలిసేంత కాదు. లేదని చెప్పు, అన్నాడు. నేనూ లేదంటాను. ఇద్దరం ఒకటే మాట మీద ఉందాం.

తెలివైన మాటే. ఇద్దరం లేదంటే ఆ మాటలు లేనట్టే. పిల్ల ఊహ అని రాసుకుంటారు, కేసు మామూలు దారిలో నడుస్తుంది, నా పిల్ల నాకు దక్కే అవకాశం ఉంటుంది. నోరు విప్పబోయాను. పిల్ల వైపు చూడకుండా ఉండాల్సింది, చూశాను. అది వాళ్ళ నాన్న నోటికేసి చూస్తోంది. చదవడం అయిపోయింది దానికి. ఇప్పుడు మెల్లగా తల తిప్పి నా నోటికేసి చూడ్డం మొదలుపెట్టింది.

నాకు భయమేసింది. మా నాన్న కేకలకి కూడా అంత భయపడలేదు. పిల్ల పోతుందన్న భయం ఒక పక్క, లేదంటే అది ఇంకెప్పుడూ ఏ మాటా నమ్మదన్న భయం ఇంకో పక్క.

"అన్నానండి," అన్నాను. "అది చెప్పింది చెప్పినట్టే అన్నాను. కూర వడ్డిస్తూనే అన్నాను."

లాయరమ్మ నా మోచెయ్యి వదిలేసింది. మా ఆయన తల వంచుకుని బల్ల గీకుతూ ఉండిపోయాడు. ఆయన లాయరు చేతికి కాగితమూ కలమూ వచ్చేశాయి, నా మాట రాసుకుంటున్నాడు. ఇంక అయిపోయిందనుకున్నాను. సూట్‌కేసు నిండిపోయినట్టే అనుకున్నాను.

"నేనూ అన్నానండి," అన్నాడు మా ఆయన తలెత్తకుండానే. "ఇందాక చూడలేదన్నది కూడా అబద్ధమే. ముక్కు తుడుచుకోమనే అంది. ఇప్పుడు కూడా లేదని చెప్పమని నేనే అన్నాను తనతో." వాళ్ళ లాయరు కలం ఆగిపోయింది. ఆ పెద్దమనిషి మొహం చూడ్డానికి ఇంకో రోజైతే ఎంత బాగుండేదో.

జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఏదో అనబోయారు గానీ పిల్ల ముందే అడిగేసింది. "ఇప్పుడూ అంతేనా?"

"ఏమిటి తల్లీ?"

"ఇప్పుడు కూడా వద్దా నేను? కావాలంటే చెప్పమనండి." కాస్త ఆగి, "గొంతుతో చెప్పమనండి," అంది.

జడ్జిగారు మాకేసి తిరిగి చెప్పండన్నట్టు తలాడించారు. కోర్టులో అలాంటివి అడుగుతారో అడగరో నాకు తెలీదు. కావాలి అన్నాను. అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది, కిటికీ అవతల వరండాలో కూర్చున్నవాళ్ళు కూడా లోపలికి తొంగి చూశారు. అదే క్షణంలో ఆయనా అన్నాడు, గొంతు వణికి మాట ముక్కలైంది. ఆ మనిషి గొంతు అలా వణకగా నేనెప్పుడూ వినలేదు. అసలు ఆ మనిషి గొంతే నేను వినాల్సినంత వినలేదు.

పిడుగు అప్పుడు ఏడ్చింది. వెక్కి వెక్కి, మూడేళ్ళదాకా దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చినట్టు పెద్ద చప్పుడుతో ఏడ్చింది. బంట్రోతు కంగారుగా నీళ్ళు తెచ్చాడు. జడ్జిగారు నన్ను చేత్తో పిలిచారు, వెళ్ళి ఎత్తుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల బరువు తెలిసొచ్చింది.

ఉత్తర్వు కాసేపటికి వచ్చింది. కేసు తేలేదాకా పిల్ల ఇప్పుడున్న బడిలోనే చదువుతుంది, నా దగ్గరే ఉంటుంది. ఆదివారాలు తండ్రి వచ్చి తీసుకెళ్ళి సాయంత్రానికి దింపాలి. ఇద్దరిలో నాకు దాన్ని ఎందుకిచ్చారో అడిగే ధైర్యం నాకు లేదు. "నిజం చెప్పావని ఇవ్వట్లేదు," అని ఆవిడే చెప్పారు. "పిల్ల బడి ఇక్కడుంది కాబట్టి ఇస్తున్నాను. మళ్ళీ వాయిదాకి పాపనే అడుగుతాను." చివర్లో ఇంకో షరతు రాయించారు. బిడ్డ ఉన్న చోట తల్లీ తండ్రీ పెదాలతో మాట్లాడుకోకూడదు, ఏం చెప్పుకున్నా బిడ్డకి వినపడేలా చెప్పుకోవాలి. ఇలాంటి షరతు ఉన్న ఉత్తర్వు ఇంతకుముందు చూడలేదని మా లాయరమ్మ బయటికి వచ్చాక రెండుసార్లు అంది.

వరండాలో జనం పలచబడ్డారు. మా ఆడపడుచు నాకేసి చూడకుండా ఖాళీ సూట్‌కేసు గడగడా లాక్కుంటూ మెట్ల వైపు పోయింది. ఆవిడ మీద కోపం రాలేదు, వస్తుందని ఎదురు చూశాను గానీ రాలేదు. పిల్ల నా చెయ్యి పట్టుకుని నడుస్తోంది. అది నన్ను క్షమించిందో లేదో నాకు తెలీదు. చెయ్యి మాత్రం గట్టిగానే పట్టుకుంది.

మెట్ల దగ్గరికి పోయిన మా ఆయన ఆగి వెనక్కి తిరిగాడు. మధ్యలో వరండా అంతా ఉంది. అలవాటు ఎక్కడికి పోతుంది, పెదాలు సాగదీసి అడిగాడు: ఆదివారం ఎన్నింటికి రాను?

పదింటికి అనబోయి, పెదాలు కదిలీ కదలకముందే ఆగాను. పిల్ల తలెత్తి నా నోటికేసి చూస్తోంది.

"పదింటికి రా!" అని అరిచాను. వరండాలో ఉన్న లాయర్లూ బంట్రోతులూ అందరూ తిరిగి చూశారు. కుళాయి దగ్గర కూడా అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. "పదింటికల్లా వచ్చెయ్యి! దానికి జలుబు తగ్గలేదు, చలిగాలిలో తిప్పకు!"

ఆయన ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "సరే! తిప్పను!" అని అరిచాడు.

పిడుగు ఆయన్నీ చూసింది, నన్నూ చూసింది. ముక్కు మళ్ళీ కారుతోంది.

"ముక్కు తుడుచుకో," అన్నాను, పైకే.